భయం లేకుండా విప్పి చూసే ఫోను

పైన్‌ఫోన్ వెనక మూత తీయడానికి స్క్రూడ్రైవరు అక్కర్లేదు. అడుగున ఒక మూల చిన్న నొక్కు ఉంటుంది. అందులో గోరు దూర్చి పైకి లేపితే మూత ఊడి చేతికొస్తుంది. లోపల తీసి పెట్టుకోగలిగే బ్యాటరీ, ఒకదానిమీదొకటిగా సిమ్ అర, మెమరీ కార్డు అర, వాటికి దగ్గర్లో వరసగా ఆరు బుల్లి స్విచ్‌లు. మొదటిది మోడెమ్‌ది, రెండోది వైఫై, బ్లూటూత్‌లది, మూడోది మైకుది, నాలుగోది వెనక కెమెరాది, ఐదోది ముందు కెమెరాది. సాఫ్ట్‌వేర్‌తో పని లేకుండా సర్క్యూట్‌లోనే ఆపేస్తాయివి. మైకు స్విచ్ ఆఫ్ చేశాక ఏ యాప్ ఎంత గింజుకున్నా ఫోను మైకుతో మీ మాట వినలేదు. ఆరోది హెడ్‌ఫోన్ కన్నానికి సంబంధించింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన స్విచ్ అదే, దాని సంగతి ముందుముందు చెబుతాను.

నేను హైదరాబాదులో ఎంబెడెడ్ ఇంజనీరుని. కరెంటు మీటర్లకీ పంపుసెట్ల కంట్రోలర్లకీ సాఫ్ట్‌వేర్ రాస్తాను. ఆ బోర్డుల మీద ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో తెలియకుండా ఒక్క లైను రాయలేం. పొద్దస్తమానం చేతిలో ఉండే ఫోను మాత్రం నాకు మూసిన పెట్టెలాగే ఉండిపోయింది. దాని సర్క్యూట్ బొమ్మ ఎవరూ ఇవ్వరు, అందులో నడిచే కెర్నల్‌ని, అంటే హార్డ్‌వేర్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్‌ని, మార్చి ఎక్కించాలంటే కంపెనీ దయ కావాలి. ఈ లోటు తీర్చుకోవడానికే పైన్‌ఫోన్ తెప్పించుకున్నాను. పైన్64 అనే సంస్థ డెవలపర్ల కోసం చేసిన ఫోనిది. 2020 జనవరిలో బ్రేవ్‌హార్ట్ పేరుతో మొదటి విడత బయటికొచ్చింది. అప్పట్లో ధర 149 డాలర్లు, మన దేశానికి తెప్పించుకుంటే రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం అదనం. తయారు చేసినవాళ్లే దీని సర్క్యూట్ బొమ్మల్ని అందరికీ అందుబాటులో పెట్టారు.

ముందే చెప్పేస్తాను, ఇది వేగమైన ఫోను కాదు. లోపలున్నది ఆల్‌విన్నర్ ఏ64 చిప్పు, 2015 నాటిది. నాలుగు కార్టెక్స్ ఏ53 కోర్లు, 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజీ. 2020లో ఇంత పాత చిప్పు ఎందుకు పెట్టారని చాలామంది అడుగుతారు. దానికి గట్టి కారణమే ఉంది. పైన్64 మొట్టమొదటి బోర్డులో వాడిందీ ఈ చిప్పే. అప్పట్నుంచీ స్వచ్ఛందంగా పనిచేసే ప్రోగ్రామర్లు దీని లోతులన్నీ తవ్వి, అసలు లైనక్స్ కెర్నల్‌లోనే దీనికి చోటు చేశారు. కొత్త చిప్పుకి వేగం ఉంటుంది కానీ దాన్ని లోపలిదాకా తెలిసినవాళ్లు తయారీ కంపెనీ గోడల బయట ఉండరు. నేర్చుకోవాలనుకునేవాళ్లకి పదిమందికీ తెలిసిన చిప్పే మేలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇలాంటి ప్రయత్నం ఇదే మొదటిది కాదు. ఓపెన్‌మోకో ప్రాజెక్టు 2007లో నియో 1973 అనే ఫోనునీ, 2008లో నియో ఫ్రీరన్నర్‌నీ డెవలపర్ల చేతికిచ్చింది. చేతిఫోను మీద మొదటి కాల్ వెళ్లిన సంవత్సరం 1973, ఆ పేరు అందుకే. ఫ్రీరన్నర్‌లో 400 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఉండేది. ప్లాస్టిక్ డొప్ప కొలతల ఫైళ్లతో సహా విడుదల చేశారు వాళ్లు! ఆ ప్రాజెక్టు ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాత ప్యూరిజం సంస్థ 2017లో జనం దగ్గర చందాలు పోగుచేసి లిబ్రెమ్ 5 మొదలుపెట్టింది. ఆ ఫోను కోసమే ఫాష్ అనే తెర రూపాన్ని తయారుచేసింది. అదే ఫాష్ ఇవాళ నా పైన్‌ఫోన్ మీద నడుస్తోంది. ఒక సంస్థ చేసినదాన్ని మరో సంస్థ ఫోనులో ఎవర్నీ అడక్కుండా వాడుకోగలగడం ఈ రంగంలో నాకు బాగా నచ్చే విషయం.

మా అక్క కొడుకు కాకినాడలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. సెలవులకి మా ఇంటికొచ్చినప్పుడు ఈ ఫోను వాడి చేతిలో పెట్టాను. మూత తీశాడు, లోపల చూశాడు, ఆన్ చేయడానికి మాత్రం జంకాడు.

"పిన్నీ, నేనేదైనా తప్పు కమాండ్ కొడితే? ఫోను డెడ్ అయిపోదా?"

"అవదురా. ఎందుకవదో ముందు తెలుసుకో, ఆన్ చేయడం తర్వాత."

మొదటి అడుగు అదేనని ఇప్పటికీ అంటాను. పవర్ బటన్ నొక్కగానే ఏ64 చిప్పులో ఒక చిన్న ప్రోగ్రామ్ మేలుకుంటుంది. చిప్పు తయారీలోనే అచ్చుపడిన ప్రోగ్రామ్ అది, దాన్ని చెరపడం ఎవరి తరమూ కాదు. అది ముందుగా మెమరీ కార్డు అరలో చూస్తుంది. అక్కడ బూట్ చేయదగ్గ సాఫ్ట్‌వేర్ దొరికితే దాన్నే నడిపిస్తుంది. దొరక్కపోతే ఫోను లోపలి స్టోరేజీకి వెళుతుంది. అక్కడా ఏమీ లేకపోతే యూఎస్‌బీ తీగ వైపు తిరిగి, కంప్యూటరు నుంచి ఎవరైనా ఏదైనా పంపుతారేమోనని ఎదురుచూస్తుంది. ఫెల్ మోడ్ అంటారు దాన్ని. ఈ మూడు చోట్లా అది సంతకాలు, కంపెనీ అనుమతులు అడగదు.

దీనర్థం ఏమిటంటే, లోపలి సాఫ్ట్‌వేర్ మొత్తం తుడిచిపెట్టినా, సగం రాసిన కెర్నల్ ఎక్కించినా, ఒక మంచి మెమరీ కార్డు పెట్టి ఆన్ చేస్తే ఫోను లేచి కూర్చుంటుంది. మనం వాడే ఫోన్లు షాపుల్లో సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుండగా మధ్యలో కరెంటు పోయి డెడ్ అయితే, వాటిని లేపే ఫైలు చాలాసార్లు కంపెనీ సంతకంతోనే ఉండాలి. ఆ ఫైలు బయటికి రాకపోతే బోర్డు మార్చడమే గతి. పైన్‌ఫోన్‌ని కిందపడేసి పగలగొట్టొచ్చు, తప్పు వోల్టేజీ ఇచ్చి కాల్చేయొచ్చు, సాఫ్ట్‌వేర్‌తో మాత్రం శాశ్వతంగా చంపడం చాలా కష్టం. ఈ ధైర్యం లేకుండా ఎవరూ ఏదీ సరిగ్గా నేర్చుకోలేరు. ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో "ముట్టుకోకండి" అని కాగితాలంటించిన యంత్రాలు చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇక చేతిపని. ఫోను కొత్తగా వచ్చినప్పుడు బ్యాటరీ కొసల మధ్య ఒక ప్లాస్టిక్ పొర ఉంటుంది. దారిలో బ్యాటరీ దిగిపోకుండా పెట్టింది. బ్యాటరీ బయటికి తీసి ఆ పొర పీకేయాలి, లేకపోతే ఎంతసేపు నొక్కినా ఫోను ఆన్ కాదు. సిమ్ అర మైక్రో సైజుది. మన నానో సిమ్ పట్టాలంటే ప్లాస్టిక్ అడాప్టర్ కావాలి. సిమ్ లేకుండా ఖాళీ అడాప్టర్ మాత్రం లోపలికి తోయకండి, బయటికి లాగేటప్పుడు లోపలి సన్నటి రేకులు దానికి తగులుకుని లేచిపోతాయి. ముందు సిమ్ లేకుండానే మొదలుపెట్టడం ఉత్తమం.

8 జీబీ మెమరీ కార్డు చాలు. దాంట్లోకి నేను ఎక్కించేది పోస్ట్‌మార్కెట్‌ఓఎస్. ఫోన్లు పదేళ్లు బతకాలన్న పట్టుదలతో 2017లో మొదలైన ప్రాజెక్టిది, ఆల్పైన్ లైనక్స్ మీద కట్టింది. డెబియన్ అలవాటున్నవాళ్లకి మోబియన్ ఉంది, కేడీఈ ఇష్టపడేవాళ్లకి ప్లాస్మా మొబైల్ ఉంది. డౌన్‌లోడ్ చేసిన ఇమేజ్ ఫైలుని ల్యాప్‌టాప్‌లో కార్డుకి రాయాలి. జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. రాసే ముందు డిస్కుల జాబితా తెరిచి, కార్డు సైజు చూసి, రాయబోతున్నది కార్డు మీదే, ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్కు మీద కాదు అని తేల్చుకోండి. ఫోనుకి లేని ప్రమాదం ల్యాప్‌టాప్‌కి ఉంది.

కార్డు పెట్టి ఆన్ చేస్తే కాసేపటికి తాళం తెర వస్తుంది, పిన్ 147147. లోపలికెళ్లగానే దాన్ని మార్చుకోవాలి. ఆ పిన్ లోకమంతటికీ తెలుసు. యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కి కలిపితే ఫోను నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తుంది. ఫోనులో టెర్మినల్ తెరిచి ఎస్‌ఎస్‌హెచ్ సేవను ఆన్ చేసి, ల్యాప్‌టాప్ నుంచి 172.16.42.1 అన్న చిరునామాకి వెళితే ఫోను లోపలి కమాండ్ లైను మీ పెద్ద కీబోర్డు కిందికొచ్చేస్తుంది. ఇక్కణ్ణుంచి ఆ చిన్న తెర మీద వేలితో కొట్టుకునే తిప్పలుండవు.

అందరూ ఇప్పుడు యాప్‌లు వెతుకుతారు. నేను మా వాడి చేత ముందు దీపం వెలిగించాను. ఫోను ముందువైపు మూడు రంగుల చిన్న ఎల్‌ఈడీ ఉంది. లైనక్స్‌లో ప్రతి పరికరమూ ఒక ఫైలులా కనిపిస్తుంది. సిస్ ఫోల్డరులో క్లాస్, దాని లోపల లెడ్స్, అందులో గ్రీన్ ఇండికేటర్. ఆ లోపలున్న బ్రైట్‌నెస్ అనే ఫైలులో, అడ్మిన్ హక్కులతో, 1 అని రాస్తే పచ్చదీపం వెలుగుతుంది, 0 రాస్తే ఆరిపోతుంది. దీన్ని ఎవరైనా పది నిమిషాల్లో చేస్తారు. అసలు పాఠం ఆ తర్వాత ఉంది: ఆ 1 అంకె దీపం దాకా ఎలా వెళ్లిందో వెనక్కి పట్టుకుంటూ పోవడం.

కెర్నల్ సోర్సులో పైన్‌ఫోన్ పేరుతో డివైస్ ట్రీ ఫైలు ఉంటుంది. కొత్త ఇల్లు కట్టేటప్పుడు ఎలక్ట్రీషియన్ ఏ గదిలో ఏ స్విచ్ ఏ తీగకి పోతుందో గీసుకునే కాగితంలాంటిదది, కెర్నల్ దాన్ని చదివే ఫోనులో ఏదెక్కడుందో తెలుసుకుంటుంది. అందులో పచ్చదీపం చిప్పులో పీడీ18 అన్న కాలికి (పిన్‌కి) కలిపి ఉందని రాసి ఉంటుంది, ఎర్రది పీడీ19, నీలం పీడీ20. ఇప్పుడు పైన్64 విడుదల చేసిన సర్క్యూట్ బొమ్మ తెరిచి పీడీ18 కోసం వెతకండి. అక్కడా అదే కాలు, అక్కణ్ణుంచి బయల్దేరిన తీగ, దాని చివర దీపం. మా వాడు ఒక పక్క ల్యాప్‌టాప్‌లో కెర్నల్ ఫైలు, మరో పక్క సర్క్యూట్ బొమ్మ పెట్టుకుని, వైబ్రేటరుకి పీడీ2 అని తనంతట తానే పట్టుకున్నాడు. మూడేళ్లుగా మైక్రోప్రాసెసర్ల పుస్తకం చదువుతున్న పిల్లాడు, చదివింది ఒక నిజమైన వస్తువులో ఆనవాలు పట్టడం నేను చూశాను. టచ్ తెర, వెలుతురు కొలిచే సెన్సరు, ఫోను వంపు తెలుసుకునే ఎంపీయూ6050, అన్నీ అదే ఫైలులో ఉంటాయి. ఒక్కొక్కటే పట్టుకుంటూ పోవచ్చు.

ఇప్పుడు ఆరో స్విచ్. దాన్ని ఆఫ్ చేస్తే హెడ్‌ఫోన్ కన్నం పాటలు మానేసి సీరియల్ పోర్టుగా మారుతుంది. బోర్డులతో పనిచేసే మాకు సీరియల్ పోర్టు అంటే రోగి నాడి చేతికి దొరికినట్టే. కావాల్సిందల్లా ఒక యూఎస్‌బీ సీరియల్ మాడ్యూల్, ఒక హెడ్‌ఫోన్ పిన్ను, మూడు తీగలు. కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ తక్కువ ధరకే దొరుకుతాయి. మాడ్యూల్ 3.3 వోల్టులది అడిగి తీసుకోండి. 5 వోల్టులది పెడితే చిప్పుకి ముప్పు. వేగం 1,15,200 బాడ్. ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ తెరిచి ఫోను ఆన్ చేస్తే, తెర ఇంకా నల్లగా ఉండగానే, కెర్నల్‌ని లేపే యూ-బూట్ అనే ప్రోగ్రామ్ మొదటి వాక్యం వస్తుంది, తర్వాత ర్యామ్ ఎంతుందో, తర్వాత కెర్నల్ ఒక్కో పరికరాన్నీ పలకరించడం. కెర్నల్‌ని మార్చి ఎక్కించినప్పుడు తెర వెలక్కపోతే, ఎక్కడ ఆగిందో ఆఖరి వాక్యం చెబుతుంది. మామూలు ఫోన్లలో ఈ గొంతు ఉంటుంది కానీ బోర్డు మీద ఎక్కడో గుండుసూదంత చుక్కల్లో దాగి ఉంటుంది. మూత కింద స్విచ్ పెట్టి దీన్ని అందరికీ ఇచ్చిన ఇంజనీర్లకి నేను మనస్ఫూర్తిగా దణ్ణం పెడతాను.

ఫోను అన్నాక మాట్లాడాలి కదా. పైన్‌ఫోన్‌లో మోడెమ్ క్వెక్టెల్ ఈజీ25-జీ. దానికి సొంత ప్రాసెసరు, అందులో దాని సొంత లైనక్స్! అసలు చిప్పుకీ దీనికీ మధ్య డేటా యూఎస్‌బీ ద్వారా వెళుతుంది. మనం వాడే చాలా ఫోన్లలో మోడెమ్, ప్రాసెసరు ఒకే చిప్పులో కలిసిపోయి ఉంటాయి. ఇక్కడ విడివిడిగా ఉండడం వల్ల మోడెమ్ ఫోను ర్యామ్‌లోకి తొంగిచూడలేదు, పైగా మొదటి స్విచ్‌తో దాన్ని పూర్తిగా ఆపొచ్చు. మోడెమ్‌లో నడిచే లైనక్స్ భాగానికి బదులుగా డెవలపర్లు అందరూ చదవగలిగే సోర్సుతో మరో ఫర్మ్‌వేర్ తయారుచేశారు. కానీ టవర్‌తో మాట్లాడే లోపలి రేడియో భాగం ఇంకా మూసే ఉంది. పూర్తిగా తెరిచిన ఫోను అని ఎవరైనా అంటే, ఆ భాగాన్ని గుర్తుచేసి సరిదిద్దాలి.

మోడెమ్ పోర్టు తెరిచి ఏటీ అని కొడితే ఓకే అని జవాబిస్తుంది. 1981లో హేస్ కంపెనీ తన టెలిఫోన్ మోడెమ్ కోసం పెట్టిన భాషే ఇది. సిగ్నల్ ఎంతుందని అడిగితే 0 నుంచి 31 వరకు ఒక అంకె ఇస్తుంది. 20 అంటే మైనస్ 73 డీబీఎం, మంచి సిగ్నలే. తెర మీది గీతలు ఈ అంకెలాంటి కొలతల్ని చూసి గీసినవే.

మన దగ్గర కాల్స్ విషయంలో ఒక చిక్కుంది. జియో నెట్‌వర్క్‌లో 2జీ, 3జీ లేవు, మాట కూడా 4జీ మీదే వోల్టీగా వెళ్లాలి. మోడెమ్‌కి 3, 5, 40 బ్యాండ్లు తెలుసు కాబట్టి ఇంటర్నెట్ రావడానికి అడ్డు లేదు. మాట కలవాలంటే మాత్రం మోడెమ్ లోపలున్న నెట్‌వర్క్ ప్రొఫైళ్లలో సరిపోయేది ఎంచుకోవాలి. ఎయిర్‌టెల్ సిమ్ అయితే వోల్టీ కుదరకపోయినా 2జీ మీద కాల్ వెళుతుంది. మొదటి ప్రయోగాలకి అదే తేలిక. ఫోను నిద్రలో ఉండగా కాల్ వస్తే మోడెమ్ దాన్ని తట్టి లేపాలి, అందుకే రింగు కాస్త ఆలస్యమవుతుంది. ఏ64 లోపలున్న మరో బుల్లి ప్రాసెసరు మీద నడిచే క్రస్ట్ అనే ఫర్మ్‌వేర్ ఈ నిద్రనంతా చూసుకుంటుంది. దాని సోర్సూ చదువుకోవచ్చు.

తెలుగు సంగతి చెప్పకుండా ఉండలేను. కొత్తగా ఎక్కించిన పోస్ట్‌మార్కెట్‌ఓఎస్‌లో తెలుగు ఫాంటు లేకపోతే మన అక్షరాల చోట డబ్బాలు కనిపిస్తాయి. నోటో తెలుగు ఫాంటు ప్యాకేజీ ఒక్క కమాండుతో వస్తుంది. ఆ తర్వాత నేను "స్త్రీ", "లక్ష్మి", "రాష్ట్రం" రాసి చూస్తాను. ఒత్తులు సరిగ్గా కిందికి కూర్చుంటే ఫాంటూ, అక్షరాల్ని పేర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ రెండూ తమ పని చేస్తున్నట్టు. కీబోర్డు ఇంకా ఆసక్తికరం. ఫాష్ కోసం చేసిన స్క్వీక్‌బోర్డ్‌లో ప్రతి భాషకీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు, అందులో ఒక్కో వరసలో మీటలు. ప్రోగ్రామింగ్ రాకపోయినా దాన్ని దిద్దొచ్చు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ఎడమ చేతి కింద గుణింతాలు, కుడి చేతి కింద హల్లులు వస్తాయి. పెద్ద కీబోర్డు మీద అది చక్కటి ఏర్పాటు. రెండు బొటనవేళ్లతో కొట్టే ఫోనులో పొల్లు గుర్తు మీట ఎక్కడుండాలో మళ్లీ ఆలోచించాలి, ఎందుకంటే ప్రతి ఒత్తుకీ దాన్ని నొక్కాలి. నేను దాన్ని అడుగు వరసలో ఖాళీ మీట పక్కకి తెచ్చుకున్నాను. మా వాడికి అది నచ్చలేదు, వాడి ఫైలులో వాడు వేరేచోట పెట్టుకున్నాడు. తెలుగు రాసేవాళ్ల వేళ్లకి ఏది హాయో నిర్ణయించే పని ఎక్కడో ఉన్న కంపెనీ చేతిలో కాకుండా మన చేతిలోకి రావడం నాకు చాలా ముఖ్యం.

పైన్‌ఫోన్ మీ ఒకే ఒక్క ఫోను కాకూడదు. యూపీఐ యాప్‌లు, బ్యాంకు యాప్‌లు నడుస్తాయని ఆశ పెట్టుకోవద్దు. వేడ్రాయిడ్ ద్వారా ఆండ్రాయిడ్ యాప్‌లు కొన్ని తెరుచుకుంటాయి కానీ, సిమ్‌నీ ఫోను ధ్రువీకరణనీ పరీక్షించే యాప్‌లు అక్కడ ఒప్పుకోవు. వెనక కెమెరా 5 మెగాపిక్సెళ్లది, ఫొటోల కోసం కొనే ఫోను కాదు. బ్యాటరీ కూడా త్వరగా దిగుతుంది. అది శామ్‌సంగ్ గెలాక్సీ జే7 ఆకారందే కాబట్టి ఇంకోటి కొని జేబులో పెట్టుకోవచ్చు.

డబ్బు గురించి విద్యార్థులు అడిగితే నేను చెప్పే రెండో దారి పోకో ఎఫ్1. 2018 ఆగస్టులో మన దేశంలో విడుదలైన ఫోను, సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది. స్నాప్‌డ్రాగన్ 845 చిప్పు కాబట్టి పైన్‌ఫోన్ కన్నా ఎంతో వేగం. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ బాగా నడిచే ఫోన్లలో అదొకటి, వన్‌ప్లస్ 6 మరొకటి. పోకోలో బూట్‌లోడర్ తాళం తీయాలంటే కంపెనీ ఖాతా తెరిచి, వాళ్ల సర్వర్ అనుమతి కోసం ఆగాలి. తాళం తీయగానే ఫోనులోని డేటా అంతా చెరిగిపోతుంది, ముందే దాచుకోవాలి. తాళం తీశాక కూడా మొదట మేలుకునే బూట్ భాగాలు సంతకంతోనే ఉంటాయి, వాటిని మార్చే వీలుండదు. లైనక్స్ యాప్‌లు రాయడం, తెర రూపాలు దిద్దడం, తెలుగు పనులు చేయడం మీ ఉద్దేశమైతే పోకో చాలు, డబ్బూ మిగులుతుంది. పవర్ బటన్ నొక్కిన క్షణం నుంచి దీపం వెలిగేదాకా ప్రతి మెట్టూ చూడాలనుంటే మాత్రం నెమ్మదిగా నడిచినా పైన్‌ఫోనే కొనుక్కోమంటాను.